దగ్గర దారే ముందు చేరుస్తుందా?

కొబ్బరి మట్ట మీద కూర్చుని కాలువ గట్టు మీంచి కిందికి జారిన అనుభవం మీలో ఎంతమందికి వుంది? కృష్ణా డెల్టా పిల్లలకి కొండలు తక్కువ. ఇంద్రకీలాద్రినో, గాంధీ కొండనో చూడాలంటే విజయవాడ రావాలి. మిగిలిన ఊళ్ళలో మనకున్న కొండ కాలువ గట్టే. దాని మీంచి జారడానికి మనకి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

ఇప్పుడొక ప్రశ్న. గట్టు మీద ఒక చోటు నుంచి, కింద కాస్త అవతలగా వున్న మరో చోటికి జారాలి. రెండు వాలులున్నాయి. ఒకటి బల్ల ఆనించినట్టు తిన్నగా వుంది. రెండోది పైన నిటారుగా మొదలై, కిందికి వచ్చేసరికి చదునైపోయి, గుంట పడినట్టుగా వుంది. ఇద్దరు పిల్లలు ఒకేసారి బయలుదేరితే ఎవరు ముందు చేరతారు? కాసేపు చదవడం ఆపి, మీ జవాబు ఒక కాగితం మీద రాసుకోండి.

"తిన్నని గీతే దగ్గర దారి, కాబట్టి ఆ దారిన వెళ్ళినవాడే ముందు చేరతాడు" అని రాశారా? అయితే సిగ్గుపడకండి. సైన్సు పాఠం చెబుతున్న రోజుల్లో నేనూ సరిగ్గా ఈ జవాబే చెప్పాను.

చాలా ఏళ్ళ కిందటి మాట. తొమ్మిదో తరగతిలో వాలుతలం గురించి చెబుతున్నాను. వెనక బల్ల మీద నుంచి ఒకమ్మాయి లేచి, "మాస్టారూ, గట్టు మీద గుంట పడినచోట జారితే ముందు చేరిపోతామండీ. ఎందుకండీ?" అని అడిగింది. "తిన్నని గీత కంటే దగ్గర దారి వుంటుందా? నీకలా అనిపించి వుంటుంది. అయినా ఇదంతా పరీక్షకి రాదు. కూర్చోమ్మా" అన్నాను. ఆ పిల్ల కూర్చుంది. ఆ సంవత్సరమంతా మరో ప్రశ్న అడగలేదు.

కొన్నాళ్ళకి ఎందుకో అనుమానం వచ్చి కాగితం తీసుకుని లెక్క వేశాను. పిల్ల చెప్పిందే నిజం. నేను చెప్పింది తప్పు. అప్పటికి ఆమె బడి వదిలి వెళ్ళిపోయింది.

అందుకే ఈ వ్యాసం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. "అన్నిటికంటే త్వరగా దించే దారి ఏది?" అన్న లెక్క కాలేజీ వాళ్ళ సొత్తు కాదు. అది హైస్కూలు పిల్లలకి అందేదే. "పై క్లాసుల్లో చెబుతారులే" అని దాన్ని వాయిదా వెయ్యడం మా ఉపాధ్యాయుల పొరపాటు. మీ తెలివి మీద మాకున్న అపనమ్మకం తప్ప అందుకు వేరే కారణం లేదు. ఈ మాట నిజమో కాదో మీరే తేల్చండి. నేను వాడే సాధనాలన్నీ మీ పుస్తకాల్లోవే.

మొదట లెక్క. ఎత్తు 1 మీటరు అనుకుందాం. అడ్డంగా దూరం 1.57 మీటర్లు. ఘర్షణ లేదనుకోండి. ఏ దారిన దిగినా, 1 మీటరు దిగేసరికి వచ్చే తుది వేగం ఒక్కటే. పోయిన స్థితిశక్తి అంతా గతిశక్తి అవుతుంది కదా! తుది వేగం వర్గం = 2 × గురుత్వ త్వరణం × ఎత్తు. అంటే 2 × 9.8 × 1 = 19.6. దాని వర్గమూలం సెకనుకి 4.43 మీటర్లు. అన్ని దారుల్లోనూ చివర ఇదే వేగం. మరి తేడా ఎక్కడ వస్తుంది? ఆ వేగం ఎంత ముందుగా చేతికొచ్చిందన్న దగ్గర.

తిన్నని దారి పొడవు పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం 1.86 మీటర్లు. వేగం సున్నా నుంచి 4.43 దాకా సమంగా పెరుగుతుంది కాబట్టి సరాసరి వేగం దాన్లో సగం. భాగించి చూస్తే పట్టే కాలం 0.84 సెకను.

ఇప్పుడు ఒక విడ్డూరమైన దారి చూడండి. ముందు నూతిలో పడ్డట్టు నిలువునా 1 మీటరు పడిపోదాం. ఆ తర్వాత, వేగం తగ్గకుండా మలుపు తిరిగి, నేల మీద 1.57 మీటర్లు అడ్డంగా పోదాం. పడడానికి 0.45 సెకను. అడ్డంగా పోవడానికి 0.355 సెకను. మొత్తం 0.81 సెకను! దారి 1.86 నుంచి 2.57 మీటర్లకి పెరిగింది. అయినా ముందే చేరాం.

ఈ రెంటికీ మధ్యే మార్గంగా మరో దారి. అడ్డంగా 30 సెంటీమీటర్లు జరిగేలోపు 60 సెంటీమీటర్లు దిగేద్దాం. మిగిలిన 40 సెంటీమీటర్లు, మిగిలిన 127 సెంటీమీటర్ల దూరంలో నెమ్మదిగా దిగుదాం. ఒక్కొక్క ముక్కకీ సరాసరి వేగం కట్టి చూడండి. మొదటి ముక్కకి 0.39, రెండోదానికి 0.34, మొత్తం 0.73 సెకను వస్తుంది. తిన్నని దారి కంటే దశాంశం పైగా సెకను ఆదా. ఇందులో తొమ్మిదో తరగతికి మించిన లెక్క ఏదైనా వుందా?

కారణం ఇప్పుడు తేలికే. ఎత్తు మన చేతిలో వున్న పెట్టుబడి లాంటిది. దాన్ని ముందే ఎక్కువగా ఖర్చు పెడితే వేగం ముందే వస్తుంది. ఆ వేగం మిగతా దారంతా పనికొస్తుంది. తిన్నని దారి ఆ పెట్టుబడిని లోభిలా కొంచెం కొంచెంగా ఖర్చు పెడుతుంది. మంచి వేగం వచ్చేసరికి దారే అయిపోతుంది.

సరే, రెండు ముక్కల దారి బాగుంది. మూడు ముక్కలైతే? పది ముక్కలైతే? ముక్కలు పెంచుకుంటూ పోతే దారి నున్నని వంపు అవుతుంది. అన్నిటికంటే మంచి వంపు ఏది? దీనికి మన పొలమే దారి చూపిస్తుంది.

మీరు గట్టు మీద నడుస్తున్నారు. పక్కనే దమ్ము చేసిన మడి. మడిలో కాస్త ముందుగా మీ నాన్నగారు నిలబడి వున్నారు. ఆయనకి అన్నం క్యారేజీ త్వరగా అందించాలి. ఉన్నచోటు నుంచి సూటిగా బురదలో దిగి నడుస్తారా? నడవరు. బురదలో నడక నిదానం. అందుకని గట్టు మీద ఇంకాస్త దూరం పోయి, బురదలో మాత్రం వీలైనంత తక్కువ దూరం వుండేలా అడ్డంగా దాటుతారు. వేగం తక్కువ వున్నచోట పొడుగ్గా నడవకూడదు, వేగం ఎక్కువ వున్నచోట పొడుగు దారి వచ్చినా నష్టం లేదు. ఇంతే సూత్రం. గాలిలోంచి నీళ్ళలోకి పోయే కాంతి కిరణం వంగేదీ ఈ లెక్క ప్రకారమే. మీరు వక్రీభవన సూత్రం అని చదువుకునేది దీన్నే.

జారే గోళీకి పై పొర బురద లాంటిది. అక్కడ వేగం తక్కువ. కాబట్టి ఆ పొరని నిటారుగా, తక్కువ దూరంలో దాటెయ్యాలి. కిందికి పోయేకొద్దీ వేగం పెరుగుతుంది. అడ్డంగా పోవలసిన దూరాన్ని అక్కడ పోవాలి. వక్రీభవన సూత్రం ఇక్కడ ఇలా పనిచేస్తుంది: నిలువు గీతతో దారి చేసే కోణం సైను విలువని అక్కడి వేగంతో భాగిస్తే, దారి పొడుగునా ఒకే సంఖ్య రావాలి.

ఇక మీకు నిజంగా సంతోషం కలిగించే విషయం. వేగం, దిగిన లోతు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. మొత్తం ఎత్తులో నాలుగో వంతు దిగితే వేగం తుది వేగంలో సగం. అడుగున దారి పూర్తిగా అడ్డంగా, 90 డిగ్రీల్లో వుంటుంది. కాబట్టి నాలుగో వంతు లోతులో సైను సగం వుండాలి. ఏ కోణానికి సైను సగం? 30 డిగ్రీలకి. సగం లోతులో 45 డిగ్రీలు. ముప్పాతిక లోతులో 60 డిగ్రీలు. మొదట్లో 0, చివర 90. ఈ వరస ఎక్కడో చూసినట్టు లేదూ? 0, 30, 45, 60, 90! పదో తరగతిలో కంఠస్థం చేసే త్రికోణమితి పట్టిక ఇదే. ఆ పట్టికని ఎవరైనా రేకు మీద వంచి చూపిస్తే, అదే అన్నిటికంటే త్వరగా దించే దారి. "ఇది మీకు అందదు" అన్నవాళ్ళకి ఇంతకంటే జవాబు ఏం కావాలి?

ఆ వంపుకి పేరు కూడా వుంది. చక్రజం. ఇంగ్లీషు పేరు సైక్లాయిడ్. రాత్రివేళ సైకిలు చక్రం అంచుకి చిన్న లైటు కట్టి, స్నేహితుణ్ణి తొక్కమనండి. మీరు పక్కన దూరంగా నిలబడి చూడండి. ఆ లైటు గాలిలో వరసగా కమానులు గీసుకుంటూ పోతుంది. ఒక కమానుని తలకిందులు చేస్తే అదే మన దారి. చక్రజం మీద ఆ 1 మీటరు దిగడానికి 0.71 సెకను చాలు. దాని పొడవు సరిగ్గా 2 మీటర్లు. తిన్నని గీత కంటే 14 సెంటీమీటర్లు ఎక్కువే.

ఈ ప్రశ్నని మొదట గట్టిగా పట్టుకున్నవాడు ఇటలీ శాస్త్రజ్ఞుడు గెలీలియో. 1638లో అచ్చయిన పుస్తకంలో, తిన్నని వాలు కంటే వృత్త చాపం మీద త్వరగా దిగుతామని చూపించాడు. అది నిజమే. కాని అన్నిటికంటే త్వరగా దించేది వృత్త చాపమే అనుకోవడంలో పొరబడ్డాడు. ఎందుకు పొరబడ్డాడో మన కొలతలతో లెక్క వేస్తే తెలుస్తుంది. అడుగున చదునుగా ముగిసే వృత్త చాపం మీద పట్టే కాలం 0.718 సెకను. చక్రజం మీద 0.710. తేడా సెకనులో వెయ్యింట ఎనిమిది వంతులు! ఇది కంటికి అందే తేడా కాదు. ఇక్కడ ఒక పాఠం వుంది. తిన్నని దారి ఓడిపోతుందని మన చేతులు చెప్పగలవు. ఏ వంపు గెలుస్తుందో చెప్పడానికి గణితం కావాలి. ప్రయోగం, గణితం బండికి రెండు ఎడ్లు. ఒక ఎద్దుని విప్పేస్తే బండి గుండ్రంగా తిరుగుతుంది తప్ప ముందుకు పోదు.

1696 జూన్‌లో యోహాన్ బెర్నూలీ అనే గణిత శాస్త్రవేత్త ఈ ప్రశ్నని ఒక పత్రికలో ప్రకటించి, లోకంలో వున్న గణితజ్ఞులందరికీ సవాలు విసిరాడు. గడువు ఆరు నెలలు. చాలలేదని తర్వాత పొడిగించారు. న్యూటన్‌కి అది 1697 జనవరిలో అందింది. అప్పటికి ఆయన వయస్సు 54 ఏళ్ళు. లండన్‌లో నాణేలు ముద్రించే టంకశాలలో ఉద్యోగం. పగలంతా పని చేసి సాయంత్రం ఇంటికొచ్చిన మనిషి, తెల్లవారుజాము నాలుగింటికల్లా లెక్క తేల్చేశాడని ఆయన మేనకోడలు చెప్పింది. పేరు పెట్టకుండానే జవాబు అచ్చు వేయించాడు. అయినా బెర్నూలీ అది ఎవరి పనో గుర్తుపట్టేశాడు. గోరు చూసి సింహాన్ని పోల్చుకున్నట్టు పోల్చుకున్నాడని చెబుతారు. లైబ్నిట్జ్, యోహాన్ అన్నగారు యాకోబ్ కూడా లెక్క తేల్చారు. కాంతి వంగినట్టు వంగే దారి అనే ఉపాయం యోహాన్‌దే. యాకోబ్ పద్ధతి కాస్త కష్టం. కాని దాన్ని పెంచి పెద్దచేసి ఆయిలర్ 1744లో ఒక కొత్త గణిత శాఖకి పునాది వేశాడు. చూశారా, జారుడుబల్ల లాంటి ప్రశ్న ఎంత దూరం తీసుకుపోయిందో!

నా మాట నమ్మి ఊరుకోకండి. చేసి చూడండి. 35 సెంటీమీటర్ల అడ్డకొలత వున్న పళ్ళెం, పెద్ద అట్ట, కరెంటు వైర్లు దాచడానికి గోడకి కొట్టే ప్లాస్టిక్ పట్టీలు, నాలుగు గోళీలు చాలు. పళ్ళెం అంచున ఒకచోట పెన్సిలు ముక్క అతికించండి. అట్ట అడుగున కర్ర స్కేలు పెట్టి, దాని మీద పళ్ళేన్ని జారకుండా దొర్లించండి. పెన్సిలు గీసే కమాను 110 సెంటీమీటర్ల వెడల్పు, 35 సెంటీమీటర్ల ఎత్తు వుంటుంది. అట్టని తలకిందులు చేసి, గీత వెంబడి పట్టీని వంచి బిగించండి. మరో పట్టీని పై కొస నుంచి అడుగు బిందువు దాకా తిన్నగా బిగించండి. రెంటి మీదా గోళీలు ఒకేసారి వదలండి. కోణమానిని పెట్టి నాలుగో వంతు లోతులోనూ, సగం లోతులోనూ, ముప్పాతిక లోతులోనూ కోణాలు కొలవండి. గోళీ జారకుండా దొర్లుతుంది కాబట్టి కాలాలన్నీ కొంత పెరుగుతాయి. కాని అన్నీ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి గనక, గెలిచేది మారదు.

అక్కడితో ఆపకండి. చక్రజంలో ఒక వింత వుంది. అడుగు బిందువుకి ఎడమవైపు పైనుంచి ఒక గోళీని, కుడివైపు బాగా కిందనుంచి మరో గోళీని ఒకేసారి వదలండి. దూరం ఎక్కువున్నది ఆలస్యంగా రావాలి కదా? రాదు! రెండూ సరిగ్గా అడుగునే టక్కున గుద్దుకుంటాయి. చక్రజం మీద ఎంత ఎత్తునుంచి వదిలినా అడుగుకి చేరే కాలం ఒక్కటే. ఇది కనిపెట్టినవాడు హాలండు దేశపు హైగెన్స్, 1659లో. తప్పని గడియారం చెయ్యాలని లోలకం గురించి ఆలోచిస్తూ ఆయన ఇక్కడికి చేరాడు.

ఇంతా చదివి, "అయితే ఎప్పుడైనా సరే ముందు నిటారుగా దిగడమే మేలు" అనుకునేరు! మళ్ళీ ఒకసారి కాలువ గట్టు మీదికి రండి.

విజయవాడలో కృష్ణకి మొదట ఆనకట్ట కట్టడం 1855లో పూర్తయింది. తర్వాత దాని స్థానంలో ప్రకాశం బ్యారేజి వచ్చింది. అది 1957లో పూర్తయింది. బ్యారేజి నిండుగా వున్నప్పుడు నీటి మట్టం 57.05 అడుగులు. అంటే సముద్ర మట్టానికి సుమారు 17 మీటర్ల పైన. అక్కడినుంచి బందరు సుమారు 70 కిలోమీటర్లు. ఈ లెక్కన నీళ్ళు కిలోమీటరుకి పాతిక సెంటీమీటర్లు దిగడానికి మించి ఎత్తు లేదు. ఇక్కడ కాలువ తవ్వే ఇంజనీరు మన గోళీలాగా ఎత్తునంతా మొదట్లోనే ఖర్చు పెట్టేస్తే ఏమవుతుంది? నీళ్ళు ఉరుకులు పెట్టి గట్లు కోసేస్తాయి. ఆ తర్వాత పొలం కంటే కాలువే పల్లంలో వుంటుంది. నీళ్ళు కళ్ళముందే వున్నా చేనెక్కవు. అందుకని కాలువ ఎత్తుని పొదుపుగా వాడుతుంది. మరీ పొదుపు చేసినా చిక్కే. నీళ్ళు నిదానించి ఒండ్రు పేరుకుపోతుంది. గోళీ దారికి ముందు ఖర్చు మేలు. కాలువకి ఆచితూచి ఖర్చు మేలు. పడవేది ఒకే ఎత్తు నుంచి, లాగేది ఒకే భూమి. అడిగిన ప్రశ్న వేరు కాబట్టి మంచి దారీ వేరు.

కాబట్టి "ఏది మేలు?" అని ఎవరైనా అడిగితే, జవాబు చెప్పే ముందు "దేనికి మేలు?" అని అడగండి. తక్కువ కావలసింది దూరమా, కాలమా, ఖర్చా? దూరం తక్కువైతే కాలమూ తక్కువవుతుందని అనుకోవడం నేను చేసిన తప్పు. చదువులోనూ ఇదే తప్పు జరుగుతోందని నాకు తోస్తుంది. విజయవాడ చుట్టుపక్కల చదువంటే పోటీ పరీక్షలే అన్నట్టు తయారయింది. ప్రశ్న చూడగానే సూత్రం, సూత్రం వెనకే జవాబు. అది తిన్నని గీత. దగ్గర దారిలా కనిపిస్తుంది. మొదట్లోనే ఒక ప్రశ్నలోకి నిటారుగా దిగి, చేతులు మురికి చేసుకుని, రెండు రోజులు పోగొట్టుకున్న పిల్లలకి ఆ తర్వాత వచ్చే వేగం వేరు. అయితే ఇది పోలిక మాత్రమే, రుజువు కాదు సుమా! గోళీల సంగతి కొలిచి చూపించగలను. చదువు సంగతి ముప్ఫై ఏళ్ళుగా తరగతి గదిలో చూసిన మీదట నాకు కలిగిన అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోవచ్చు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోండి. గట్టు మీద జారుతూ ఆ అమ్మాయి చూసింది. చూసి అడిగింది. గెలీలియో మొదలుపెట్టింది అక్కడే. ఆమెకి నేను ఆ రోజు చెప్పవలసిన మాట "కూర్చోమ్మా" కాదు. "నాకు తెలియదు, రేపు రెండు పట్టీలు, రెండు గోళీలు తీసుకురా, కలిసి చూద్దాం" అని. ఆమె ఎక్కడున్నా ఈ పత్రిక చూస్తే, ఆమె చెప్పిందే సరి అని నా ఒప్పుకోలు ఇది.

మీ మాస్టారు కూడా ఎప్పుడైనా "అది పరీక్షకి రాదు" అంటే, మర్యాదగా సరేనండి. ఆ సాయంత్రమే పళ్ళెం, పట్టీలు తీసుకుని వీధి అరుగు మీద కూర్చోండి. మర్నాడు గోళీలు జేబులో వేసుకుని బడికి వెళ్ళండి. ఎంతటి మాస్టారైనా కళ్ళముందు జరిగినదాన్ని కాదనలేరు.